డెబ్బై రెండు రాసెయ్యమ్మా

కొల్లేటి ఒడ్డున ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్ పరీక్ష అప్పుడే అయింది. ల్యాబులో ఇద్దరు: ఇక్కడ పాఠాలు చెప్పే ప్రసన్నకుమారి, మార్కులు వెయ్యడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అప్పారావు.

“ఇంకోసారి చూడండి. కళ్ళజోడు పెట్టుకుని చూడండి.”

“పెట్టుకునే ఉన్నానండి అప్పారావుగారూ.”

“ఎంత రాసింది?”

“అరవై ఒకటండి.”

“నీళ్ళ తలతన్యత ఎంతండి? సన్న గాజు గొట్టం నీళ్ళలో ముంచితే నీళ్ళు పైకెక్కుతాయి, ఎంత ఎక్కాయో కొలిచి లెక్క కడితే ఎంత రావాలి?”

“డెబ్బై రెండు రావాలండి.”

“పుస్తకంలో అదే కదా ఉంది? నాకేం మతి పోలేదు కదా?”

“అబ్బే, అవేం మాటలండి.”

“మరి ఈ పిల్ల, ఏం పేరు, శ్రీదుర్గ... అరవై ఒకటి రాసి, దాని కింద గీత కూడా గీసిందండి. ఒకటి కాదు, రెండు గీతలు. ధైర్యం చూశారా?”

“చూశానండి.”

“ఆ కింద ‘ఫలితం’ అని ఉంది కదా, అక్కడేం రాసిందో చదవండి. పైకి చదవండి.”

“‘ఇవి మంచి నీళ్ళు కావు. ఇందులో ఏదో కలిసింది.’”

“ఫలితం రాయమంటే అభిప్రాయం రాసిందండి! నా సర్వీసులో ఇలాంటి పేపరు చూడలేదు. ఎవరండీ నేర్పింది?”

“నేనేనండి.”

“మీరా?”

“చూసింది చూసినట్టు రాయమని నేనే చెప్పానండి.”

“అదేనండి మీతో వచ్చిన చిక్కు. మా కాలేజీ పిల్లలు నీళ్ళు ముట్టుకోకుండానే డెబ్బై రెండు రాస్తారు. ఆ గాజు గొట్టం చూపిస్తే థర్మామీటరు అనుకుంటారు గానీ అంకె మాత్రం తప్పరు. ముప్పైకి ముప్పై. మీ పిల్లలేమో నిజంగా చేసేస్తున్నారు.”

“మొదట్లో చేసేవాళ్ళు కాదండి. నేనొచ్చిన కొత్తలో ఫిజిక్స్ పీరియడంటే సగం మందికి నిద్ర, సగం మందికి కిటికీ. ఏం చేస్తారు పాపం, పొద్దున్నే చేపల చెరువుల్లో మేత వేసి వచ్చే పిల్లలు. నోట్సు చెప్పి చెప్పి ఒకరోజు నాకే విసుగొచ్చేసింది. రేపు ఎవరింటి దగ్గర నీళ్ళు వాళ్ళు సీసాలో పట్టుకు రండ్రా అన్నాను.”

“నీళ్ళెందుకండి?”

“ఎవరి నీళ్ళు గొట్టంలో ఎంతెత్తు ఎక్కుతాయో చూద్దామని. అంతే, మర్నాడు చూడాలి మీరు! కొల్లేటి నీళ్ళు, చెరువు నీళ్ళు, కాలవ నీళ్ళు, మా చర్చి బావి నీళ్ళు. ద్వారకా తిరుమల నుంచి తీర్థం తెచ్చాడండి ఒకడు, స్వామి నీళ్ళే గెలుస్తాయని. పందేలు కట్టుకున్నారు. బెల్లు కొట్టినా ఒక్కడు లేవలేదు. కెమిస్ట్రీ మాస్టారొచ్చి గుమ్మంలో నించుంటే, ‘ఆగండి సార్, ఇంకో సీసా ఉంది’ అంటారు!”

“బావుందండి. వినడానికి చాలా బావుంది.”

“వెటకారమా అండి?”

“నిజంగానే అంటున్నాను. నాకూ ఒకప్పుడు ఇలాంటి సరదాలుండేవి. కానీ పరీక్ష రోజు ఆ ఆసక్తి ఎక్కడ వేస్తామండి? మార్కుల షీట్లో దానికి గడి లేదు కదా.”

“గడి లేదనుకోండి. లెక్క తప్పు చేసిందా చెప్పండి. రీడింగులు మూడుసార్లు తీసింది, మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి.”

“మూడుసార్లూ తప్పే తీసిందన్నమాట. గొట్టానికి జిడ్డు ఉండుంటుంది.”

“ఉండుండొచ్చండి. అలాగని మార్కులు కోసేస్తారా? పద్ధతికి వెయ్యండి.”

“ప్రసన్నకుమారిగారూ, కాస్త నా బాధ కూడా వినండి. నిరుడు ఒక కాలేజీలో ఇలాగే జాలిపడి వేశాను. పైనుంచి పేపర్లు తీసి చూశారు. ఫలితం తప్పయితే మార్కులెలా వేశావు, సంజాయిషీ ఇవ్వమన్నారు. చేతులు కట్టుకుని నించున్నాను, ఈ వయసులో. ఫలితం కరెక్టుగా ఉంటే ఎవ్వడూ ఏదీ అడగడు. ఎలా వచ్చిందనైనా అడగడు.”

“అయితే ఈ పేపరుకి ఎంత వేస్తారు?”

“ఇలాగే ఉంటే పాస్ మార్కు కూడా రాదు.”

“ప్రభువా!”

“ప్రాక్టికల్లో తప్పిన పిల్ల మన జిల్లాలో ఎక్కడైనా ఉందా అండి?”

“లేదండి.”

“ఉండదు. మొట్టమొదటి పిల్ల మీ కాలేజీలోదే అవుద్ది.”

“వద్దండి. ఎవరికైనా అవనివ్వండి గానీ ఈ పిల్లకి వద్దు. వాళ్ళ నాన్న గంగరాజని, చెరువుల మీద పని చేస్తాడు. ఫీజు కట్టేటప్పుడే మా ప్రిన్సిపాల్ ఎలిజబెత్ గారి ఎదురుగా చెప్పాడు. ఒక్కటి తప్పినా చదువు మానిపించి రొయ్యల షెడ్డుకి పంపించేస్తానని. అన్న మాట మీద నిలబడే మనిషండి.”

“అంచేత నేను చెప్పేది వినండి. కొత్త పేపరు ఇప్పించండి. ఆ అంకె మార్పించండి, ఆ అభిప్రాయం తీయించండి. నేను భోంచేసొచ్చి సంతకం పెట్టేస్తాను. ముప్పైకి ముప్పై. మళ్ళీ నాకు భీమడోలులో బండి ఉంది.”

“మీరే చెప్పండి ఆ పిల్లకి. నా నోటితో నేనెలా చెప్తానండి?”

“నేనా? అమ్మో. ఏదైనా ప్రశ్న వేస్తే?”

అప్పారావు భోజనానికి వెళ్ళాడు. శ్రీదుర్గ వచ్చింది.

“మేడం, పిలిచారంటండి.”

“రామ్మా. కూర్చో. తిన్నావా?”

“తిన్నానండి. సారు నా పేపరు చూశారాండి?”

“చూశారు.”

“కింద రాసింది కూడా చూశారాండి?”

“అదే ముందు చూశారు.”

“ఆశ్చర్యపోయారాండి?”

“పోయారు.”

“నేను మన క్లాసు ఫిన్నీతో చెప్పానండి! సారు ఇలాంటిది ఎక్కడా చూసుండరు, పట్టుకుంటారు చూడు అని. ఏవన్నారండి?”

“ఇదిగో, కొత్త పేపరు.”

“ఎందుకండి?”

“మళ్ళీ రాయి.”

“మళ్ళీ చెయ్యమన్నారాండి? అయితే గొట్టం కడుగుతానండి, రెండు నిమిషాలు...”

“చెయ్యక్కర్లేదు. రాయి చాలు.”

“చెయ్యకుండా ఏం రాయనండి?”

“డెబ్బై రెండు రాసెయ్యమ్మా.”

“మేడం?”

“విన్నావు కదా.”

“లెక్క తప్పు చేశానాండి?”

“లెక్క బానే ఉంది.”

“రీడింగు తప్పాండి?”

“రీడింగు కూడా బానే తీశావు.”

“మరి?”

“అంకె బాలేదు.”

“అంకె బాగోకపోవడమేంటండి? అదేమైనా చీరాండి?”

“శ్రీదుర్గా, నవ్వించకు. నాకిప్పుడు నవ్వు రాదు. గొట్టం జిడ్డుగా ఉండుంటుంది, అందుకే తగ్గింది. పుస్తకంలో డెబ్బై రెండు ఉంది, నువ్వూ అదే రాయి. సారు అదే చూస్తారు.”

“గొట్టం కడిగానండి. మీరు చెప్పినట్టే కడిగాను. మూడుసార్లు చేశాను.”

“తెలుసు.”

“డెబ్బై రెండు రాయాలంటే పైన ఎత్తులన్నీ మార్చాలి కదండి. నీళ్ళు అంత పైకి ఎక్కలేదండి.”

“కింద నుంచి పైకి కట్టుకురా. ముందు డెబ్బై రెండు రాసుకో. దాని నుంచి ఎత్తు ఎంత ఉండాలో తీసుకో. మూడు గళ్ళలో అటూ ఇటూగా వేసెయ్యి.”

“అది ప్రయోగం కాదు కదండి.”

“కాదు.”

“మరేంటండి?”

“పరీక్ష.”

“మేడం, ఫిన్నీ గాడు లోలకం ప్రయోగం చెయ్యకుండా పుస్తకంలో అంకె దించేస్తే మీరు వాడి రికార్డు చింపేశారండి.”

“చింపేశాను.”

“వాడు ఏడ్చాడండి.”

“తెలుసే.”

“ఆ రోజు మీరేమన్నారంటే...”

“నాకు చెప్పకు.”

“‘ఈ గొట్టాలూ ఈ స్కేళ్ళూ మన మాట వినడానికి కాదర్రా, వాటి మాట మనం వినడానికి’ అన్నారండి.”

“అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను.”

“నేను విన్నానండి మరి.”

“నువ్వు విన్నావు. క్లాసులో అందరికంటే నువ్వే విన్నావు. అదే వచ్చింది ఇప్పుడు నా ప్రాణం మీదికి. నాకు సిగ్గుగా ఉంది శ్రీదుర్గా. నీ మొహంలోకి చూసి మాట్లాడలేకపోతున్నాను. నువ్వు చేసింది కరెక్టు. కానీ సంతకం ఆయన చేతిలో ఉంది, నా చేతిలో లేదు. అరవై ఒకటి ఉంటే ఆయన పాస్ మార్కు కూడా వెయ్యరు. ఎంత చెప్పినా వినలేదు. ఆయన భయం ఆయనది.”

“అంటే తప్పుతానాండి?”

“తప్పుతావు.”

“ప్రాక్టికల్లోనాండి? ప్రాక్టికల్లో ఎవరూ తప్పరు కదండి.”

“మీ నాన్న ఏవన్నాడో గుర్తుందా?”

“ఒక్కటి తప్పినా షెడ్డుకే అన్నాడండి.”

“రొయ్య తలకాయలు తీస్తావా జీవితమంతా?”

“మా అక్క తీస్తుందండి.”

“అందుకే అడుగుతున్నాను.”

“దాని చేతి వేళ్ళు ఎప్పుడూ నానిపోయి ఉంటాయండి. తెల్లగా.”

“రాయమ్మా. ఇంకేం మాట్లాడకు. నీకు దణ్ణం పెడతాను.”

“అయ్యో, అలా అనకండి మేడం. రాస్తానండి. పెన్ను... నా పెన్ను ఫిన్నీ దగ్గర ఉందండి.”

“ఇదిగో నాది.”

“ఎత్తు ఎంత వెయ్యమంటారండి?”

“నువ్వే కట్టు. నీకొచ్చు కదా.”

“వచ్చండి. వెనక నుంచి కడితే ఎంత తొందరగా వచ్చేస్తుందో! ఇలాగైతే ఇంటి దగ్గరే రాసేసుకునేదాన్ని కదండి.”

“ఊఁ.”

“మేడం, ఫలితం దగ్గర ఏం రాయనండి?”

“‘నీటి తలతన్యత సెంటీమీటరుకి డెబ్బై రెండు డైన్లు.’ అంతే.”

“నీళ్ళు మంచివే అని రాయాలాండి?”

“అక్కర్లేదు. డెబ్బై రెండు అంటేనే మంచివని.”

“అబద్ధం ఒక్కసారి రాస్తే సరిపోద్దన్నమాట.”

“శ్రీదుర్గా!”

“లేదండి. రాసేశానండి. ఇదిగోండి.”

“ఏవండీ ప్రసన్నకుమారిగారూ, అయిందా? లోపలికి రావచ్చా?”

“రండి అప్పారావుగారూ. అయింది.”

“ఏదీ... ఇదీ! ఇది చేతిరాతంటే. ఎంత అందంగా రాసిందో చూడండి డెబ్బై రెండు. పాత పేపరేది?”

“ఇదిగోండి.”

“ఇలా ఇవ్వండి. దీన్ని ఉంచకూడదు. చింపేస్తే నాకూ నిశ్చింత, మీకూ నిశ్చింత.”

“అలా చింపేశారేంటి సార్!”

“నీ మంచికేనమ్మా. చూడు, ముప్పైకి ముప్పై వేశాను. సంతకం కూడా పెట్టేశాను. సంతోషమేనా?”

“సార్, ఒకటి అడగనాండి?”

“అడుగుతావనుకున్నాను. అడుగు.”

“మీరు చేసినప్పుడు మీకెప్పుడైనా డెబ్బై రెండు కాకుండా వచ్చిందాండి?”

“నేనెప్పుడూ చెయ్యలేదమ్మా.”

“ఒక్కసారి కూడానాండి?”

“నాకు మా మాస్టారు డెబ్బై రెండు అని చెప్పారు. నేను మా పిల్లలకి చెప్పాను. వస్తానండి ప్రసన్నకుమారిగారూ. వెళ్తూ కవరు సీలు వేయించేస్తాను. బండికి టైమయిపోతుంది.”

“మంచిదండి.”

అప్పారావు వెళ్ళిపోయాడు. ల్యాబులో మేడం, శ్రీదుర్గ మిగిలారు.

“ఏడవకే.”

“ఏడవట్లేదండి. కంట్లో ఏదో పడింది.”

“నాకూ పడింది. సర్లే, పోనీ. రేపట్నుంచి మళ్ళీ మన పద్ధతే. ఎవరూ రాకపోయినా మనిద్దరం చేద్దాం. గొట్టాలు కూడా కొత్తవి తెప్పిస్తాను, జిడ్డు లేనివి.”

“మేడం, గొట్టానికి జిడ్డు లేదండి.”

“మళ్ళీ మొదలెట్టావా?”

“కాదండి, వినండి. నా తర్వాత అదే గొట్టంతో ఫిన్నీ చేశాడు కదండి. రెండోది పగిలిపోయింది, ఉన్నది ఒకటే. వాడికి డెబ్బై ఒకటి వచ్చిందండి. జిడ్డుంటే వాడికీ తగ్గాలి కదండి.”

“వాడు చూసి రాసుంటాడు.”

“లేదండి. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు నిజంగానే పైకి ఎక్కాయండి, నా వాటికంటే పైకి.”

“అదే గొట్టం?”

“అదేనండి.”

“అవే నీళ్ళు?”

“నీళ్ళు అవి కాదండి. పొద్దున్న కరెంటు లేదు కదా, మోటారు ఆడలేదు, ల్యాబు బక్కెట్టు ఖాళీ. అందుకని ఎవరి బాటిల్లో నీళ్ళు వాళ్ళం పోసుకున్నాం. వాడి నీళ్ళు వాడివి, నా నీళ్ళు నావి.”

“నువ్వేం నీళ్ళు తెచ్చావు? చెరువు నీళ్ళా?”

“ఛఛ, తాగే నీళ్ళేనండి. మా ఇంట్లోవి.”

“వాటర్ ప్లాంటులో కొనుక్కునేవేనా?”

“అవేనండి. ఫిన్నీ వాళ్ళూ అక్కడే పట్టుకుంటారండి.”

“మరి నీకు తగ్గడమేంటి? బాటిల్ సబ్బుతో కడిగి సరిగ్గా తొలవలేదేమో. సబ్బు కలిస్తేనే అలా దిగిపోద్ది.”

“బాటిల్ సబ్బుతో కడగమండి. ఉత్త నీళ్ళతోనే తొలుస్తాం.”

“బాటిల్ ఏదీ? ఉందా? మూత పెట్టి ఊపు. గట్టిగా ఊపు. చాలు, ఆపు. ఏంటే ఈ నురగ?”

“ఈ మధ్య అలాగే వస్తుందండి.”

“ఈ మధ్య అంటే?”

“నాన్న కొత్త టిన్ను తెచ్చాడు కదండి. అప్పట్నుంచి.”

“ఏం టిన్ను? ఎక్కడ్నుంచి తెచ్చాడు?”

“చెరువుల దగ్గర్నుంచండి. నీలం ప్లాస్టిక్ టిన్ను. చేపలకి జబ్బు రాకుండా చెరువులో పోస్తారు కదండి మందు, ఆ మందు టిన్ను. అయిపోయాక పారేస్తారు. గట్టిగా ఉంటాయి కదండి, మూత కూడా బిగుతుగా ఉంటుంది. కడుక్కుని మంచినీళ్ళకి పెట్టుకుంటాం. అందరూ అలాగే చేస్తారండి.”

“ప్రభువా, ప్రభువా.”

“ఏంటండి?”

“ఆ మందుల్లో సబ్బులా నురగొచ్చే రకం ఉంటుంది. పురుగుని చంపే మందమ్మా అది. ప్లాస్టిక్కులోకి ఇంకిపోతే ఎంత కడిగినా పోదు. నీళ్ళని పైకి ఎక్కనివ్వంది అదే.”

“అంటే నా అరవై ఒకటి కరెక్టేనాండి!”

“కరెక్టే. నువ్వు రాసిన ప్రతి అక్షరం కరెక్టే. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?”

“లేదండి... తమ్ముడికి నోరు పూసిందండి. నాలుక మంట, అన్నం తినట్లేదు. అమ్మ పచ్చడి తిన్నాడని తిడుతుందండి.”

“మీ నాన్నకి ఫోన్ చెయ్యి. ఇదిగో నా ఫోను. స్పీకరు పెట్టు. తొందరగా.”

“చేస్తున్నానండి... రింగవుతుంది... నాన్నా!”

“ఎవరూ? అమ్మడూ, నువ్వేనా? పరీక్ష ఎలా రాశావు?”

“నాన్నా, ఇంటికెళ్ళావా?”

“ఇంట్లోనే ఉన్నాను, ఇప్పుడే అన్నానికొచ్చాను. పరీక్ష ఎలా రాశావంటే చెప్పవేంటి?”

“ముందు ఇది విను. కొత్త టిన్నులో నీళ్ళు ఎవరూ తాగకండి. తమ్ముడికి అస్సలు ఇవ్వకు. పారబోసెయ్యి.”

“మంచినీళ్ళు పారబొయ్యడమేంటే? పొద్దున్నే పట్టుకొచ్చాను.”

“నీళ్ళు కాదు నాన్నా, టిన్ను. దాన్లో మందు పోలేదు. నీళ్ళలోకి వస్తుంది.”

“ఎవరు చెప్పారు?”

“మేడం చెప్పారు. నా ప్రాక్టికల్లో తెలిసింది.”

“మేడంగారున్నారా అక్కడ?”

“ఉన్నానండి గంగరాజుగారూ. నేను ప్రసన్నకుమారిని. అమ్మాయి చెప్పింది నిజమేనండి. ఆ నీళ్ళు ముట్టుకోకండి. బాబుని డాక్టరుకి చూపించండి, ఈ రోజే.”

“ఆయ్, నమస్కారమండి మేడంగారూ. మీరు చెప్తే వినాల్సిందేనండి. కాకపోతే ఆ టిన్ను వేణ్ణీళ్ళు పోసి కడిగామండి. సోడా వేసి తోమింది మా ఆవిడ సత్యవేణి. ఎండలో బోర్లించాం. మా వీధిలో అందరికీ నేనే తెచ్చిపెట్టానండి అవి, మోసుకొచ్చి మరీ.”

“అందరికీనా?”

“అందరికీనండి. ఇప్పుడెళ్ళి మందు నీళ్ళు తాగించానని ఏ మొహం పెట్టుకుని చెప్పనండి? ఇన్నేళ్ళుగా వాడుతున్నారు ఈ టిన్నులు. ఎవరికేమైందండి?”

“ఏమైందో ఎవరూ చూడలేదండి. మీ అమ్మాయి చూసింది.”

“ఎలా చూసిందండి?”

“నాన్నా, ఆ నీళ్ళే పరీక్షలో పోసి చేశాను.”

“మనింటి నీళ్ళా? అయితే ఆ పెద్దసారు చూశారా, గూడెం నుంచి వస్తారన్నావు?”

“చూశారు.”

“మార్కులు?”

“ముప్పైకి ముప్పై.”

“ముప్పైకి ముప్పయ్యే? ఏమే సత్యవేణీ! అమ్మడుకి ముప్పైకి ముప్పై అంట! సంతకం పెట్టారా?”

“పెట్టారు నాన్నా.”

“మరింకేంటే? నీళ్ళు బాగున్నాయనే కదా సంతకం పెట్టింది? పాడు నీళ్ళయితే అంత చదువుకున్నాయన పెడతాడా?”

“గంగరాజుగారూ, ఆ పేపరులో అంకె నేనే మార్పించానండి.”

“ఏంటండి?”

“అమ్మాయి మొదట నిజమే రాసింది. నీళ్ళు మంచివి కావనే రాసింది. అలా రాస్తే మార్కులు రావని నేనే బతిమాలి మార్పించాను. తప్పు నాది. దాన్నేం అనకండి.”

“ఆ మొదటి పేపరు ఉందాండి?”

“సారు చింపేశారండి.”

“పోనీ ఆ సారుని చెప్పమనండి.”

“ఆయన చెప్పరండి. వెళ్ళిపోయారు.”

“నాకు చదువు లేదు మేడంగారూ, కాస్త తెలిసేలా చెప్పండి. వీధిలో పది మంది నన్ను అడుగుతారు, పెద్దసారు బాగున్నాయన్నారంట కదరా అని. నేనేం చెప్పాలి? నీళ్ళు మంచివైతే మా అమ్మాయి పాసైనట్టు. పాడైతే ఆ ముప్పై అబద్ధం, మా అమ్మాయి తప్పినట్టు. రెండూ ఎలా అవుతాయండి?”

“అది కాదండి గంగరాజుగారూ, మార్కులు వేరు, నీళ్ళు వేరు, మీరు...”

“వేరేంటండి? ఆ నీళ్ళకే కదా మార్కులు వేశారు. ఏదో ఒకటి చెప్పండి. ఇదిగో, పిల్లాడు మంచినీళ్ళు అడుగుతున్నాడు, గ్లాసు ముంచి పట్టుకున్నాను. ఇమ్మంటారా వద్దంటారా? అమ్మడూ, నువ్వు చెప్పవే. పాసయ్యావా?”

“నేను తప్పాను నాన్నా. ఆ నీళ్ళు పారబొయ్యి.”